రెండు డిస్కులుండియు బడి కంప్యూటరు ఏల మేల్కొనలేదు?



గత వార్షిక పరీక్షల తరుణమున మన పాఠశాల కార్యాలయపు పని రెండున్నర దినములు నిలిచిపోయిన సంగతి మీలో పెక్కుమందికి తెలిసినదే. మార్కుల పట్టికలు సకాలమున సిద్ధము కాలేదు. బదిలీ పత్రములకై తిరుమంగళము చుట్టుపట్ల పల్లెలనుండి బస్సెక్కి వచ్చినవారు వట్టి చేతులతో మరలిపోవలసి వచ్చెను. అటుపిమ్మట జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక తల్లి లేచి, "అయ్యా, ఒకటి చెడిపోతే ఇంకొకటి పనిచేస్తుందని చెప్పే కదా డిస్కులు రెండు కావాలని మా దగ్గర చందా తీసుకున్నారు? చెడింది ఒకటే. మరి బడి పని ఎందుకు ఆగింది?" అని అడిగిరి.

ఆ ప్రశ్న న్యాయమైనది. ఆనాడు సభలో నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఏలయన అప్పటికి నాకే ఆ విషయము సగము మాత్రమే తెలిసియుండెను. తరువాత తెలిసినవారినడిగి, చదివి, నా చేతులతో చేసి చూచి గ్రహించిన దానిని ఈ సంచికయందు మీ ముందుంచుచున్నాను. మీ ధనముతో కొన్న వస్తువునుగూర్చి మీకు లెక్క చెప్పుట నా విధి. అదియునుగాక, ఇండ్లలోను, అంగళ్లలోను కంప్యూటరుపై లెక్కలు ఉంచుకొనువారు మీలో అనేకులు గలరు. నాకు కలిగిన ఇబ్బంది మీకు కలుగకుండుటకు ఈ వ్యాసము కొంత ఉపకరించిన చాలును.

ఆ కంప్యూటరులో ఏమున్నది?

కార్యాలయపు గదిలో మూలనున్న ఆ పెట్టెలో బాలబాలికల ప్రవేశ పుస్తకములు, మార్కులు, హాజరు వివరములు ఉన్నవి. అవి పోయినను కష్టపడి కాగితములనుండి తిరిగి వ్రాసికొనవచ్చును. తిరిగి సంపాదింపరానివి వేరే కలవు. మన ఉపాధ్యాయులు అనేక సంవత్సరములుగా తయారుచేసిన తెలుగు ప్రశ్నపత్రములు, పాఠ్యపుస్తకము దొరకని దినములలో టైపు చేసి పంచిన పాఠములు, మన సంఘపు పాత వార్షిక సంచికల ఛాయాచిత్రములు, పల్లెలలోని ముసలమ్మలచేత పాడించి పిల్లలు పట్టుకొని వచ్చిన పెండ్లిపాటలు, దంపుళ్ల పాటలు, జోలపాటలు అందు గలవు. ఆ పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు. కావుననే ఒక డిస్కుపై నమ్మకముంచక రెండింటిని అమర్చితిమి.

అద్దపు జోడి యనగా నేమి?

ఒకే సమాచారమును ఒకటికంటె ఎక్కువ డిస్కులపై కూర్చి ఉంచు పద్ధతికి "రెయిడ్" అని పేరు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ఒక పరిశోధన పత్రమును ప్రచురించి ఈ పేరును, ఇందలి తరగతులను లోకమునకు పరిచయము చేసిరి. ఆ తరగతులలో మొదటిది మిర్రరు, అనగా అద్దము. ఒక అక్షరము వ్రాసిన అది రెండు డిస్కులపైనను పడును. ఒకటి చెడినను రెండవదానిపై సర్వమును ఉండును.

ఇందుకు ప్రత్యేకమైన యంత్రభాగమును కొనవచ్చును. అది ఖరీదైనది. లినక్సు అను ఉచిత వ్యవస్థలో ఆ పనిని ప్రోగ్రామే నెరవేర్చును. దానిని సాఫ్ట్‌వేరు రెయిడ్ అందురు. ఈ లినక్సు మన పిల్లలకు క్రొత్తది కాదు. తమిళనాడు ప్రభుత్వము 2011లో ఆరంభించిన ఉచిత ల్యాప్‌టాపుల పథకములో వచ్చిన యంత్రములందు విండోసుతోపాటు, సీడాక్ వారు రూపొందించిన "బాస్" అను లినక్సు కూడ ఉండెను. హైదరాబాదులోని "స్వేచ్ఛ" సంస్థవారు తెలుగులో పలుకు లినక్సును తయారుచేసిరి. మన కార్యాలయపు కంప్యూటరుకు ఆ వ్యవస్థనే ఎన్నుకొనుటకు ఖర్చు ఒక కారణము, తెలుగు మరియొక కారణము.

లినక్సులో ఈ జోడిని కూర్చి, కనిపెట్టి, బాగుచేయు పనిముట్టు పేరు "ఎమ్‌డీ-ఆడమ్". మనవి 1 టెరాబైటు చొప్పున రెండు డిస్కులు. జోడి సరిగా నున్నదా యని చూచిన ప్రతి పర్యాయమును తెరపై రెండు "యు" అక్షరములు ప్రక్కప్రక్కన కనబడుచుండెను. రెండును క్షేమమనుటకు అది గుర్తు. ఒకటి పోయినచో దాని స్థానమున చిన్న అడ్డగీత కనబడును. నేను ప్రతి సోమవారమును ఆ రెండక్షరములను చూచి నిశ్చింతగా నుంటిని. నా పొరపాటు అక్కడనే ఉన్నది.

కంప్యూటరు మేల్కొను విధము

జరిగినదేమో తెలియవలెనన్న, మీట నొక్కినది మొదలు కంప్యూటరు మేల్కొనువరకు నడచు క్రమమును తెలిసికొనవలెను. దానిని మన బడి తెరచు విధముతో పోల్చి చెప్పెదను.

తెల్లవారగానే కావలివాడు వచ్చును. అతనికి బడిలోని గదులు, అలమారలు, పుస్తకములు ఏమియు తెలియవు. గుమ్మమునకు పైన ఒక నిర్ణీతమైన మేకున తాళపుచెవి ఉండునని మాత్రము తెలియును. దానిని తీసి తలుపు తెరచును. లోపల గుమాస్తాకు మిగిలిన గదుల తాళములు ఎక్కడనున్నవో తెలియును. అతడు వానిని తెరచిన పిమ్మట ఉపాధ్యాయులు ప్రవేశించి పాఠము మొదలుపెట్టుదురు.

కంప్యూటరులో కావలివాడు ఫర్మ్‌వేరు. పాత యంత్రములలో దీనికి బయాసు అని పేరు. అతడు డిస్కుయొక్క మొట్టమొదటి గడిని మాత్రము చదువును. ఆ గడి కొలత 512 బైట్లు. అందు 446 బైట్లు ప్రారంభపు ప్రోగ్రామునకును, 64 బైట్లు డిస్కును భాగములుగా పంచిన పట్టికకును, చివరి 2 బైట్లు ముద్రకును కేటాయింపబడియున్నవి. ఆ 446 బైట్లలో నున్నదియే మేకున వ్రేలాడు తాళపుచెవి. దానినే బూట్‌లోడరు అందురు. లినక్సులో సాధారణముగా వాడు బూట్‌లోడరు పేరు "గ్రబ్". అంత చిన్న చోట గ్రబ్ సంపూర్ణముగా పట్టదు. కావున దాని రెండవ ముక్క ఆ గడికిని డిస్కులోని మొదటి పార్టిషనుకును నడుమ ఖాళీగా వదలిన స్థలమున ఉండును. ఈ రెండు ముక్కలును కలసి గుమాస్తాను, అనగా లినక్సు కెర్నలును, దానికి తోడైన చిన్న ప్రారంభ సంచిని పిలుచును. ఆ సంచికి "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అని పేరు. అందులోని పనిముట్లు రెండు డిస్కులను గుర్తించి జోడిగా కూర్చిన తరువాతనే మన పుస్తకములున్న గది తెరచుకొనును.

లోపము ఎక్కడ?

ఇప్పుడు గమనింపుడు. మనము జోడిగా కూర్చినది పార్టిషనులను. అద్దములో ప్రతిఫలించునది పార్టిషను లోపలనున్న సరుకు మాత్రమే. బూట్‌లోడరు ఉండు మొదటి గడియు, దాని ప్రక్కనున్న ఖాళీ స్థలమును పార్టిషనుకు వెలుపల ఉన్నవి. అద్దము వానిని చూడదు, నకలు తీయదు.

రెండు బడులను ఒకే తీరున కట్టి, ఒకదానిలో పెట్టిన ప్రతి పుస్తకమునకు రెండవదానిలో నకలు పెట్టి, తాళపుచెవిని మాత్రము మొదటి బడి గుమ్మముననే తగిలించితిమి. మొదటి బడి నిలిచియున్నంతకాలము రెండవదానికి తాళపుచెవి లేదని ఎవరికిని తెలియదు. లినక్సును ఎక్కించిన దినమున "బూట్‌లోడరు ఏ డిస్కుపై పెట్టవలెను?" అని తెర అడిగినప్పుడు మొదటి డిస్కును చూపి ముందుకు సాగిరి. నేనును ప్రక్కన నిలుచుండి తల ఊపితిని. కావున తప్పును పరులపై మోపను.

పరీక్షల తరుణమున మొదటి డిస్కు చెడెను. అంతవరకు మెలకువగానున్న కంప్యూటరు రెండవ డిస్కుతో ఆ సాయంకాలమువరకు నిరాటంకముగా నడచెను. రాత్రి దానిని ఆపితిమి. మరునాటి ఉదయము మీట నొక్కగా నల్లని తెరపై, ప్రారంభించుటకు తగిన డిస్కు లేదను ఒక్క వాక్యము కనబడెను. లోపల సర్వమును క్షేమముగనే ఉన్నది. లోపలికి పోవు దారి లేదు.

పూర్వ విద్యార్థి చేసిన చికిత్స

మన బడిలో చదివి ఇప్పుడు మదురైలో కంప్యూటరు పని చేయుచున్న ఒక పూర్వ విద్యార్థికి కబురంపితిమి. అతడు మూడవనాటి ఉదయము వచ్చి తెరను చూచి, "అయ్యా, భయపడకండి. సరుకు పోలేదు, తాళం లేదంతే" అనెను. ఆ మాట విన్న పిమ్మటనే నాకు ప్రాణము లేచివచ్చినది. "నాయనా, ఏమి చేయుచున్నావో ఒక్కొక్కటిగా చెప్పుచు చేయుము, వ్రాసికొనెదను" అంటిని. ఈ క్రింది క్రమము ఆ నోటుపుస్తకములోనిది. ఆదేశములను కంప్యూటరుపై ఆంగ్లాక్షరములతోనే కొట్టవలెను. ఇచట ఉచ్చారణ ప్రకారము తెలుగులో వ్రాసితిని.

మొదట లినక్సు ఎక్కించిన పెన్‌డ్రైవుతో కంప్యూటరును మేల్కొలిపెను. అనగా పొరుగింటి తాళపుచెవితో లోపలికి ప్రవేశించెను. పిదప "ఎమ్‌డీ-ఆడమ్ అసెంబుల్ స్కాన్" అను ఆదేశముతో జోడిలో మిగిలిన ఒక్క డిస్కును నిలబెట్టెను. ఏమియు ముట్టకమునుపే అందున్న ముఖ్యమైన సరుకును వేరొక డిస్కుపైకి నకలు తీసెను. "బాగుచేయబోయి చెడగొట్టినవాళ్లే ఎక్కువ అయ్యా" అని అతడు నవ్వుచు చెప్పిన మాట మరువరానిది.

తరువాత మన వ్యవస్థను పెన్‌డ్రైవులోని వ్యవస్థకు అతికించి, "సీహెచ్-రూట్" అను ఆదేశముతో దాని లోపలికి పోయెను. అచటనుండి "గ్రబ్-ఇన్‌స్టాల్" అను ఆదేశమును, డిస్కు పేరుతో కలిపి ఇచ్చెను. ఇందు రెండు జాగ్రత్తలు కలవు.

మొదటిది: బూట్‌లోడరును పెట్టవలసినది డిస్కుపైన, జోడిపైన గాని పార్టిషనుపైన గాని కాదు. జోడి పేరు "ఎమ్‌డీ-సున్న" అనుకొందము. దానిపై పెట్టినచో రెండింటిపైనను పడును గదా యని తోచును. తోచుట సహజమే గాని అది పొరపాటు. జోడి అనునది లినక్సు లేచిన పిమ్మట పుట్టునది. కావలివాడు వచ్చునప్పటికి అది ఇంకను పుట్టియే యుండదు.

రెండవది: డిస్కుల పేర్లు స్థిరములు కావు. నిన్నటివరకు "ఎస్‌డీ-బీ" యని పిలువబడిన రెండవ డిస్కు, మొదటిదానిని ఊడదీసినంతనే "ఎస్‌డీ-ఏ" కావచ్చును. పేరును నమ్మి ఆదేశము నిచ్చినచో వేరొక డిస్కు పాడగును. డిస్కుమీద అచ్చొత్తిన క్రమసంఖ్యను తెరపై కనబడు సంఖ్యతో సరిచూచుకొనవలెను.

పిమ్మట "అప్‌డేట్-గ్రబ్" అను ఆదేశముతో ప్రారంభ పట్టికను సరిచేసి, కంప్యూటరును ఆపి, పెన్‌డ్రైవు తీసి, మీట నొక్కగా మన కంప్యూటరు మేల్కొనెను. పనికి పట్టినది ఒక గంట. దాని కొరకు మనము పోగొట్టుకొన్నది రెండున్నర దినములు.

ఆ సాయంకాలము క్రొత్త డిస్కు వచ్చెను. పాత డిస్కులోని భాగముల పట్టికను దానిపై దింపి, "ఎమ్‌డీ-ఆడమ్ యాడ్" అను ఆదేశముతో జోడిలో చేర్చెను. సరుకంతయు దానిపైకి నకలగుటకు సుమారు 3 గంటలు పట్టెను. అతడు అంతటితో లేవలేదు. క్రొత్త డిస్కునకును "గ్రబ్-ఇన్‌స్టాల్" చేసెను. అది చేయకున్నచో మన బడి మరల అదే స్థితిలో, ఈసారి రెండవ డిస్కును నమ్ముకొని యుండెడిది. డెబియన్, ఉబుంటు వ్యవస్థలు పాత పద్ధతి బయాసుతో నడచు యంత్రములలో "డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ" అను ఆదేశము కలదు. అందు రెండు డిస్కులకును గుర్తు పెట్టినచో, మీదట గ్రబ్ మారిన ప్రతిసారి రెండింటిపైనను అదియే మారును.

ఎక్కడ ఆగినదో చూడుడు

వైద్యుడు నాడి చూచినట్లు, కంప్యూటరు ఎక్కడ ఆగినదో చూచి రోగమును తెలిసికొనవచ్చును. ముఖ్యముగా మూడు తావులు కలవు.

ఒకటి: ప్రారంభించుటకు డిస్కు లేదని తెర చెప్పుట. కావలివానికి తాళపుచెవి దొరకలేదు. ఆ డిస్కుపై బూట్‌లోడరు లేదు. మనకు కలిగినది ఇదియే.

రెండు: "గ్రబ్ రెస్క్యూ" అను మాటలు కనబడి ఆగిపోవుట. తాళపుచెవి దొరికినది, కాని అది తెరచిన వాకిట గుమాస్తా లేడు. గ్రబ్ యొక్క మొదటి ముక్కలు లేచి, మిగిలిన తమ భాగములున్న చోటును కనుగొనలేకపోయినవి. పార్టిషనులను మార్చినప్పుడును, జోడిని మరల క్రొత్తగా కట్టి గ్రబ్‌ను తిరిగి పెట్టుట మరచినప్పుడును ఇట్లు జరుగును. దీనికిని "గ్రబ్-ఇన్‌స్టాల్" చేయుటయే మందు.

మూడు: గ్రబ్ పట్టిక కనబడి, లినక్సు కదలి, కొంతదూరము పోయి "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అను మాటతో నిలిచిపోవుట. ఇచట బూట్‌లోడరు నిరపరాధి. గుమాస్తా వచ్చినాడు గాని అతని చీటీలో జోడినిగూర్చిన వివరము లేదు. ఎమ్‌డీ-ఆడమ్ యొక్క వివరముల పుటలో జోడి గుర్తును సరిగా వ్రాసి, "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అను ఆదేశముతో ఆ చీటీని క్రొత్తగా వ్రాయింపవలెను. కొన్ని పాత వ్యవస్థలు, జోడిలో ఒకటి లోపించినచో, పెద్దల అనుమతి లేక ముందుకు సాగకుండుటయు కలదు.

ఈ మూడింటిని వేరుపరుపక, కంప్యూటరు లేవలేదను ఒక్క మాటతో వ్యవస్థనంతను తుడిచి మరల ఎక్కించువారు కలరు. కాలు బెణికినందుకు కాలినే తీసివేయుట వంటిది ఆ పని. మన పాటలు, పాఠములు అట్టివారి చేతబడకుండుట మన అదృష్టము.

క్రొత్త యంత్రములలో

ఇప్పుడు కొను యంత్రములలో బయాసుకు బదులు "యుఈఎఫ్‌ఐ" అను క్రొత్త కావలివాడు ఉన్నాడు. ఇతడు మొదటి గడిలోని ప్రోగ్రామును చదువడు. డిస్కుపై "ఈఎస్‌పీ" అను చిన్న పార్టిషనును వెదకి, అందలి బూట్‌లోడరు ఫైలును పిలుచును. ఆ పార్టిషను "ఫ్యాట్" అను సరళమైన పద్ధతిలో ఉండవలెను. ఇతనికిని లినక్సు జోడినిగూర్చి ఏమియు తెలియదు. కావున పేరు మారినను చిక్కు మారలేదు. ఒక్కొక్క డిస్కుపై ఒక్కొక్క ఈఎస్‌పీని వేరువేరుగా పెట్టి, రెండింటియందును గ్రబ్‌ను ఉంచవలెను. ఒకదానిలో మార్పు వచ్చినప్పుడు రెండవదానిలోనికిని తీసికొనిపోవలెను.

ఇంకొక మెలిక కలదు. ఏ డిస్కులోని ఏ ఫైలును పిలువవలెనో యుఈఎఫ్‌ఐ తన సొంత జ్ఞాపకములో వ్రాసికొనును. అందు మొదటి డిస్కు పేరు మాత్రమే యున్నచో రెండవదాని ఊసెత్తకపోవచ్చును. కావున రెండింటి పేర్లను "ఈఎఫ్‌ఐ-బూట్-మేనేజర్" అను పనిముట్టుతో అందు చేర్చవలెను. ఈఎస్‌పీలో అందరును ఎరిగిన సామాన్యనామముతో ఒక నకలు పెట్టుట మరియు మేలు. జ్ఞాపకము చెరిగినను కావలివాడు ఆ సామాన్యనామమును వెదకును.

ఈఎస్‌పీలను కూడ జోడిగా కట్టువారు కలరు. జోడి తన గుర్తును పార్టిషను చివర వ్రాసికొను పాత పద్ధతిని ఎన్నుకొన్నచో, ముందునుండి చూచు యుఈఎఫ్‌ఐకి అది మామూలు పార్టిషనువలెనే కనబడును. అది నడచును గాని, ఫర్మ్‌వేరు ఎప్పుడైన ఒకదానిపై మాత్రము వ్రాసినచో రెండును వేరగును. లినక్సుకు అది తెలియదు. మన బడికి అట్టి యుక్తి వలదనుకొంటిమి.

పెద్ద డిస్కులపై వాడు "జీపీటీ" యను క్రొత్త పట్టికతో పాత బయాసు యంత్రమును నడపువారు మరియొకటి గుర్తుంచుకొనవలెను. ఆ పట్టికలో గ్రబ్ రెండవ ముక్కకు ఖాళీ స్థలము ఉండదు. దానికై 1 మెగాబైటు కొలతగల చిన్న పార్టిషనును రెండు డిస్కులపైనను వదలవలెను.

చివరి జాగ్రత్త: డిస్కును జోడి వెలుపల నేదైన ఒక పార్టిషనుకై ఎదురుచూడుమని వ్యవస్థకు చెప్పియున్నచో, ఆ డిస్కు పోయిన దినమున ప్రారంభము నడుమ ఆగును. ఈఎస్‌పీ విషయమున ఇది తరచు జరుగును. "నో-ఫెయిల్" అను మాటను ఆ వరుసలో చేర్చినచో, అది దొరకకున్నను వ్యవస్థ ముందుకు సాగును.

పరీక్ష పెట్టనిదే ఉత్తీర్ణత లేదు

మేము పిల్లలకు పరీక్షలు పెట్టుదుము. పుస్తకము సంచిలో నున్నదా యని చూచి మార్కులు వేయము. కాని కంప్యూటరు విషయమున నేను చేసినది అదియే. రెండు "యు" అక్షరములను చూచి రెండవ డిస్కు సిద్ధముగా నున్నదనుకొంటిని. ఆ అక్షరములు సరుకు రెండుచోట్ల ఉన్నదని మాత్రమే చెప్పును. రెండవది ఒంటరిగా లేవగలదని చెప్పవు.

కావున ఇకమీదట దసరా సెలవులలో ఒకసారి, వేసవి సెలవులలో ఒకసారి పరీక్ష జరుగును. ముందుగా వెలుపలి డిస్కుపైకి నకలు తీయుదుము. జోడిలో రెండు "యు"లు ఉన్నవని చూతుము. కంప్యూటరును పూర్తిగా ఆపి, మొదటి డిస్కు తీగను ఊడదీసి, రెండవదానితో మేల్కొలుపుదుము. లేచిన పిమ్మట ఆపి, తీగను మరల తగిలించి, మొదటి డిస్కును జోడిలో చేర్చి, నకలు సంపూర్ణమగువరకు వేచియుందుము. అది ముగిసిన తరువాతనే రెండవదానిని ఊడదీసి మొదటిదానిని పరీక్షింతుము. నకలు నడుమ నుండగా తీగను ముట్టరాదు. ఫలితమును తేదీతో పుస్తకములో వ్రాసి, గోడకు అంటింతుము. మీరు ఎప్పుడు వచ్చినను చూడవచ్చును.

ఇంకొక భ్రమను కూడ తొలగించెదను. అద్దపు జోడి భద్రపు నకలు కాదు. గుమాస్తా పొరపాటున ఒక తరగతి మార్కులను చెరిపివేసినచో, అద్దము నమ్మకమైన సేవకునివలె ఆ చెరుపును కూడ రెండింటిపైనను వెంటనే చేయును. పిడుగు, దొంగ, నిప్పు ఒకే పెట్టెలోని రెండు డిస్కులను ఒక్కమారే తీసికొనిపోగలవు. అందుచే మూడవ నకలు బడికి వెలుపల, వేరొక ఇంట, తాళములో ఉండును. దానినుండి నెలకొకమారు ఒక ఫైలును తెరచి చూతుము. తెరచి చూడని నకలును నమ్మరాదని నేర్చుకొంటిమి గదా.

తాళ్లపాకవారి రాగిరేకులు

ఈ సందర్భమున ఒక పాత సంగతి స్ఫురించుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో జన్మించి 1503లో పరమపదించిరి. వారి సంకీర్తనలను కుమారులైన పెదతిరుమలాచార్యుల కాలమున రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో ఒక చిన్న గదియందు భద్రపరచిరి. తాటాకువలె రాగి చీడకు లొంగదు. ఆ రేకులు చాలకాలము మరుగునపడి, ఇరువదవ శతాబ్ది తొలి భాగమున పండితుల దృష్టికి వచ్చినవి.

సాహిత్యము చెక్కుచెదరలేదు. ప్రతి పాటకును రాగము పేరు కలదు. కాని స్వరములు చెక్కలేదు. పాట ఎట్లు ఎత్తుకొనవలెనో చెప్పవలసిన గురుశిష్య పరంపర నడుమ తెగిపోయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు అనేక సంకీర్తనలకు క్రొత్తగా స్వరములు కూర్చి వానిని మరల గొంతులకు అందించిరి. నేడు మన ఇండ్లలో వినబడు అన్నమయ్య పాటలు ఎన్నియో ఆ విధముగా మేల్కొన్నవే. సరుకు రాగిపై నిలిచినను, ఎత్తుగడ నిలువనిచో ఎంత శ్రమ కలుగునో ఇందువలన తెలియుచున్నది.

మనయందును ఇట్టిదే కలదు. మదురై, కోయంబత్తూరు సీమలకు మన పెద్దలు వచ్చి కొన్ని శతాబ్దములైనది. మీ పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు; అమ్మమ్మ చెప్పిన కథను ఒక్క మాట పోకుండ తిరిగి చెప్పుదురు. మాట ఒక తరమునుండి ఇంకొక తరమునకు అద్దములో వలె దిగినది. కాని అందులో అనేకులకు "అ ఆ"లు రావు. తెలుగు పుస్తకమును చేతికిచ్చినచో ఎచట ప్రారంభింపవలెనో తెలియదు. అమ్మమ్మ ఉన్నంతకాలము ఆ లోటు కానరాదు. ఇల్లు తెలుగుతో నడచుచునే యుండును. ఆమె పోయిన మరునాడు తెలియును.

తమిళము నేర్చుట మన పిల్లలకు అవసరము. ఈ గడ్డపై పుట్టినవారికి అది భూషణము కూడ. ఆంగ్లము ఉద్యోగమునకు కావలెను. వీనికి నేను అడ్డు చెప్పుటలేదు. మిమ్ము కోరునది ఒక్కటే: ప్రతి దినమును పావుగంట, పిల్లవానిచేత తెలుగు అక్షరములు చదివించి వినుడు. సహాయము చేయక వినుడు. ఒంటరిగా ఒక పుట చదువగలిగిన దినమున వానికి తాళపుచెవి దొరికినట్లే.

సమావేశములో ప్రశ్న వేసిన ఆ తల్లికి నా సమాధానము ఇది. అమ్మా, మీరిచ్చిన ధనము వృథా కాలేదు. రెండవ డిస్కు లేకున్నచో ఆ పాటలన్నియు పోయెడివి. దానికి తాళపుచెవి తగిలించుట మరచినది మేము. ఇప్పుడు రెండింటికిని తగిలించితిమి. ఒక్కొక్కదానిని ఊడదీసి చూచితిమి. రెండును ఒంటరిగా లేచినవి.